ఆరు మిల్లీమీటర్ల రంధ్రం

మట్టి ద్వారా సోకే నులిపురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మంది పొట్టల్లో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెద్ద అంకె కాబట్టి చదివి, తలాడించి, ముందుకు వెళ్ళిపోతాం. దీన్ని ఎవరు లెక్కపెట్టారు, దేనితో లెక్కపెట్టారు అని అడగం. జ్వరం వచ్చిన మనిషి ఆసుపత్రికి వెళతాడు, పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది. పొట్టలో నాలుగు ఏలికపాములున్న పిల్లవాడు ఏ ఆసుపత్రికీ వెళ్ళడు. బడికి పోతాడు, గోలీలాడుకుంటాడు, రాత్రికి కంచం ముందు కాస్త మారాం చేస్తాడు, అంతే. వాణ్ణి లెక్కలోకి తేవాలంటే ఎవరో ఒకరు ఆ ఊరికి వెళ్ళాలి. ఇంటికో చిన్న డబ్బా ఇచ్చి, మర్నాడు పొద్దున్నే తిరిగి తీసుకుని, అందులోని మలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి.

అలా చూడటానికి పేద దేశాల్లో అర్ధ శతాబ్దంగా వాడుతున్న పద్ధతి పేరు కాటో-కాట్జ్. సామాను చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ముక్క, చిన్న జల్లెడ గుడ్డ, ఒక గరిటపుల్ల, సెల్లోఫేన్ ముక్కలు, గ్లిజరిన్, చిటికెడు ఆకుపచ్చ రంగు, గాజు స్లైడ్లు. విలువైన వస్తువు మైక్రోస్కోపు ఒక్కటే. కరెంటు లేకపోతే అద్దంతో ఎండను మళ్ళించుకుని అదీ పనిచేస్తుంది. ఇంత కొద్ది సామానుతో ఒక ఊరి పొట్టలోని సంగతి అంకెల్లోకి ఎలా వస్తుందో విప్పి చూస్తే, దాని వెనకున్న పనితనం అబ్బురపరుస్తుంది. ఆ పనితనాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం పని.

ఉన్నాయా కాదు, ఎన్ని

లెక్కకు వచ్చే పురుగులు ముఖ్యంగా మూడు రకాలు. ఏలికపాము వీటిలో పెద్దది. ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చిన్నపేగులో ఏడాది, రెండేళ్ళు బతుకుతుంది, రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. కొరడా పురుగు పెద్దపేగు గోడలో తన సన్నటి ముందుభాగాన్ని దూర్చుకుని ఉంటుంది. కొంకిపురుగు చిన్నపేగు గోడను కరిచిపట్టుకుని రక్తం తాగుతుంది. మొదటి రెండింటి గుడ్లు మట్టి అంటిన చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా నోట్లోకి వెళతాయి. కొంకిపురుగు గుడ్డు తేమనేలలో పొదిగి, పిల్లపురుగు చెప్పుల్లేని పాదం చర్మంలోంచి లోపలికి దూరుతుంది. మరుగుదొడ్డి లేని చోట, ఉన్నా వాడని చోట ఈ చక్రం ఆగదు.

ఈ మూడింటికీ ఉన్న ముఖ్యమైన గుణం ఒకటుంది. ఇవి మనిషి ఒంట్లో సంఖ్య పెంచుకోలేవు. గుడ్డు బయటికి వెళ్ళి, నేలలో కొన్నాళ్ళు ఉంటేనే సోకే దశకు చేరుతుంది. కాబట్టి పొట్టలో ఇరవై పురుగులున్నాయంటే ఒక్కొక్కటీ బయటినుంచి వచ్చిందేనన్నమాట. రెండు మూడు పురుగులున్న పిల్లవాడికి పెద్దగా తేడా తెలియదు. వందలుంటే కథ వేరు. 1963 అక్టోబరులో దక్షిణ కొరియాలోని జెయొంజులో తొమ్మిదేళ్ళ పాప పేగు మూసుకుపోయి చనిపోయింది. శస్త్రచికిత్సలో ఆ చిన్న పొట్టలోంచి బయటికి తీసిన ఏలికపాములు 1,063. కొంకిపురుగు విషయంలోనూ ఇదే. ఒక్కో పురుగు తాగే రక్తం రోజుకు మిల్లీలీటరులో కొద్ది భాగమే. పురుగులు పదులు, వందలు అయ్యేసరికి తిండిలోంచి వచ్చే ఇనుము దాన్ని పూడ్చలేదు, పిల్లలూ గర్భిణులూ పాలిపోతారు.

అందువల్ల ఈ జబ్బులో 'ఉందా, లేదా' అన్న ప్రశ్న సగం ప్రశ్నే. 'ఎంత ఉంది' అన్నది మిగతా సగం. పొట్టలోకి తొంగిచూసి పురుగులను లెక్కపెట్టలేం కనుక బయటికొచ్చే గుడ్లను లెక్కపెట్టాలి. గ్రాము మలంలో ఎన్ని గుడ్లు అన్నదే కొలమానం. ఏలికపాముకు గ్రాముకు 5,000 లోపు ఉంటే తేలిక, 50,000 దాటితే తీవ్రం. కొంకిపురుగుకు 2,000 లోపు తేలిక, 4,000 దాటితే తీవ్రం. కొరడా పురుగుకు 1,000 లోపు తేలిక, 10,000 దాటితే తీవ్రం. ఏ ఊళ్ళో ఎంతమందికి సోకింది, అందులో ఎంతమందికి ప్రమాదం అన్న రెండు సంగతులూ ఒకే స్లైడు చెప్పాలి. ఈ పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళ ముందున్న సమస్య అదీ.

జాడీలోంచి సెల్లోఫేన్‌కి

గుడ్లను లెక్కపెట్టవచ్చని నిలబెట్టినవాడు అమెరికన్ శాస్త్రవేత్త నార్మన్ స్టోల్. 1923లో ఆయన ప్రచురించిన పద్ధతిలో 56, 60 మిల్లీలీటర్ల దగ్గర గీతలున్న గాజు జాడీ ఉంటుంది. మొదటి గీత దాకా పలచటి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి, మట్టం రెండో గీతకు చేరేదాకా మలం వేసి, గాజుపూసలు వేసి కుదిపి, అందులోంచి 0.15 మిల్లీలీటరు తీసి గుడ్లు లెక్కించి 100తో హెచ్చిస్తారు. తూకం అక్కర్లేకుండా మట్టంతో కొలత సాధించిన తెలివి అది. 1920ల్లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో పనిచేసిన ఏసా చాండ్లర్ మన దేశంలో ప్రాంతాల వారీగా కొంకిపురుగు సర్వే చేసి, ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ, నేలకూ వానకూ అలవాట్లకూ దానితో సంబంధమేమిటి అని వరసగా వ్యాసాలు రాసింది గుడ్ల లెక్కను ఆధారం చేసుకునే.

స్టోల్ 1947లో 'దిస్ వర్మీ వరల్డ్' అన్న ప్రసంగ వ్యాసంలో అప్పటిదాకా వచ్చిన సర్వేలన్నీ పోగుచేసి, ఖండాల వారీగా జనాభాకు అన్వయించి, దాదాపు 220 కోట్ల ప్రపంచ జనాభాలో 64 కోట్లకు పైగా మందిలో ఏలికపాములున్నాయని అంచనా కట్టాడు. సర్వేలు సరిగా లేని చోట్ల చాలా దూరం ఊహించాల్సి వచ్చింది. జాడీ పద్ధతి మంచిదే కానీ రోజుకు వందల మందిని చూడాల్సిన చోట జాడీలు కడగడానికే సగం పొద్దు పోతుంది. మామూలు పద్ధతి, అంటే స్లైడు మీద చుక్క సెలైన్‌లో కొంచెం మలం కలిపి చూడటం, చాలా సులువు. కానీ ఆ చుక్కలో ఉండేది సుమారు 2 మిల్లీగ్రాముల మలమే. అంత తక్కువలో తేలికపాటి సోకు దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది.

ఎక్కువ మలం పెట్టి చూడొచ్చుగా? పెడితే వెలుతురు రాదు. స్లైడు మీద మందంగా పూసిన మలం నల్లటి తెరలా అడ్డుపడుతుంది. చిక్కుముడి అక్కడుంది. దాన్ని విప్పింది జపాను. యుద్ధం ముగిశాక ఆ దేశంలో సగానికి మించిన జనంలో ఏలికపాములున్నాయి. మనుషుల మలాన్నే పొలాలకు ఎరువుగా వేసే అలవాటు, యుద్ధం తర్వాతి లేమి రెండూ కలిసి పురుగుల పంట పండించాయి. బడిపిల్లలను లక్షల సంఖ్యలో పరీక్షించాలి. 1954లో కాటో, మియురా ఒక మార్గం ప్రచురించారు. సుమారు 50, 60 మిల్లీగ్రాముల మలాన్ని స్లైడు మీద పెట్టి, గాజు కవర్‌స్లిప్‌కు బదులు గ్లిజరిన్‌లో నానబెట్టిన సెల్లోఫేన్ ముక్క కప్పి, అదిమి వదిలేశారు. కాసేపటికి గ్లిజరిన్ మలంలోకి ఇంకి, పీచునూ తుక్కునూ కాంతి దూరేలా చేస్తుంది. దృఢమైన పెంకున్న గుడ్లు మాత్రం ఆకారం చెడకుండా అంచులతో సహా తేలి కనబడతాయి. మామూలు చుక్కలో పట్టే మలానికి ఇరవై రెట్లకు పైగా మలాన్ని ఒకే స్లైడులో చూడగలిగారు.

ఇక్కడ పనితనం సెల్లోఫేన్‌ను ఎంచుకోవడంలో ఉంది. గాజు ముక్క ద్రవాన్ని పీల్చదు, అదిమితే పగులుతుంది, ఎగుడుదిగుడు పూత మీద నిలవదు. నీటిని పీల్చే రకం సెల్లోఫేన్ గ్లిజరిన్‌ను తనలో నింపుకుని కొద్దికొద్దిగా కిందికి వదులుతుంది, అదిమితే మెత్తగా వంగుతుంది, ముక్కకు అయ్యే ఖర్చు పైసల్లోనే. మూతగా ఉండాల్సిన వస్తువే మందును మోసుకొచ్చి పూతలోకి దించుతోంది. ఒక వస్తువుతో రెండు పనులు చేయించడం చేయి తిరిగిన పనివాడి లక్షణం. గ్లిజరిన్‌లో కొంచెం కలిపే మాలకైట్ గ్రీన్ రంగు కళ్ళకు సుఖం కోసమే. వెనక లేత ఆకుపచ్చ ఉంటే మైక్రోస్కోపు వెలుగు కళ్ళలో గుచ్చుకోదు, గంటల తరబడి చూసేవాళ్ళ కళ్ళు అలసిపోవు. చేపల చెరువుల వాళ్ళకు ఈ రంగు పేరు పరిచయమే, ఇప్పుడు అక్కడ నిషిద్ధమైనా.

బెలో హొరిజొంటె అట్టముక్క

కాటో పద్ధతిలో ఒక లోటు మిగిలింది. స్లైడు మీద పెట్టిన మలం ఎంతో ఖచ్చితంగా తెలియదు. తూచవచ్చు, కానీ మిల్లీగ్రాములు తూచే త్రాసును పల్లెల్లో ఎవరు మోస్తారు? 1960ల్లో జపానులో కొమియా, కొబయాషి, అమెరికాలో మార్టిన్, బీవర్ ఈ మందపాటి పూతను పరీక్షించి నమ్మదగినదే అన్నారు. కొలతకు సులువైన దారి మాత్రం బ్రెజిల్‌లో దొరికింది. బెలో హొరిజొంటె నగరంలో నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమియాసిస్ మీద పనిచేస్తున్న నఫ్తాలె కాట్జ్, తన సహచరులు షావెస్, పెలెగ్రినోలతో కలిసి 1972లో చిన్న వ్యాసం ప్రచురించాడు. అందులోని కొత్తదనమల్లా రంధ్రం చేసిన ఒక అట్టముక్క. దాన్ని స్లైడు మీద పెట్టి, రంధ్రం నిండా మలం నింపి, అంచు మీదుగా పుల్లతో గీకేసి, అట్టముక్కను ఎత్తేస్తే స్లైడు మీద ఎప్పుడూ ఒకే కొలత మిగులుతుంది. సోలలో బియ్యం పోసి అంచు మీద చేత్తో చదును చేసి కొలిచే పద్ధతే, పరిమాణం మారిందంతే.

తర్వాత అట్టముక్క పోయి ప్లాస్టిక్ ముక్క వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంగా తీసుకున్న ముక్కలో రంధ్రం వ్యాసం 6 మిల్లీమీటర్లు, మందం 1.5 మిల్లీమీటర్లు. అందులో పట్టే మలం 41.7 మిల్లీగ్రాములు. దీన్ని 24తో హెచ్చిస్తే దాదాపు సరిగ్గా గ్రాము వస్తుంది. అంటే స్లైడులో కనబడిన గుడ్లను 24తో హెచ్చిస్తే చాలు, గ్రాముకు ఎన్నో తెలిసిపోతుంది. కాలిక్యులేటరు అక్కర్లేదు, ఎక్కం వచ్చినవాడు చెట్టు కింద కూర్చుని వేసే లెక్క.

పని వరస చూడండి. డబ్బాలోని మలంలో కొంత కాగితం మీద పెట్టి, పైన సన్నటి జల్లెడ గుడ్డ వేసి పుల్లతో నొక్కుతారు. పీచు, గింజలు, రాళ్ళు కిందే ఉండిపోయి, మెత్తటి భాగం గుడ్డ పైకి వస్తుంది. దాన్ని పుల్లతో గీరి రంధ్రంలో నింపుతారు. నింపేటప్పుడు లోపల గాలి ఉండకూడదు, పైన గుట్ట ఉండకూడదు. తర్వాత ప్లాస్టిక్ ముక్కను నిటారుగా పైకి ఎత్తాలి, పక్కకు జరిపితే కొంత దానికి అంటుకుపోతుంది. స్లైడు మీద చిన్న గుండ్రటి బిళ్ళ మిగులుతుంది. దాని మీద ముందురోజే గ్లిజరిన్‌లో నానేసిన సెల్లోఫేన్ పరిచి, స్లైడును తిరగేసి నున్నటి పలక మీద బొటనవేళ్ళతో నొక్కుతారు. పూత వలయంలా సమంగా పరుచుకోవాలి, సెల్లోఫేన్ అంచు దాటి బయటికి రాకూడదు. తీసేటప్పుడు స్లైడును పైకి లాగకూడదు, పక్కకు జార్చాలి, లేకపోతే సెల్లోఫేన్ ఊడొస్తుంది. పూత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. స్లైడు కింద దినపత్రిక పెడితే అక్షరాలు చదవగలగాలి. చదవగలిగితే పని బాగా కుదిరినట్టు. ఏ యంత్రం చెప్పలేని నాణ్యతను పాత పత్రిక చెబుతుంది.

వీటిలో ఏదీ పెద్ద విద్య కాదు, కానీ ప్రతి కదలికకూ కారణం ఉంది. పుల్ల వాలిస్తే కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే 24 అబద్ధమవుతుంది, 24 అబద్ధమైతే ఊరి అంకె అబద్ధమవుతుంది. ఇది తెలిసిన టెక్నీషియన్ వందో స్లైడును కూడా మొదటి స్లైడంత జాగ్రత్తగా నింపుతాడు. సర్వేల నాణ్యత నిలబడేది ఈ ఓపిక మీదే.

కన్ను, గడియారం

ఇక చదవడం. స్లైడులో ఒక మూల మొదలుపెట్టి, వరసలు వరసలుగా పోయి మళ్ళీ వెనక్కి వస్తూ, అంగుళం వదలకుండా మొత్తం పూతను చూడాలి. సగం చూసి రెట్టింపు చేయడం పద్ధతి కాదు. ఏలికపాము గుడ్డు బంగారు గోధుమరంగులో, గరుకు పైపొరతో గుండ్రంగా ఉంటుంది. పైపొర ఊడిపోయిన గుడ్డు నున్నగా కనబడి కొత్తవాళ్ళను మోసం చేస్తుంది. ఫలదీకరణ జరగని గుడ్డు పొడుగ్గా, వంకరటింకరగా ఉంటుంది. కొరడా పురుగు గుడ్డు రెండు చివరలా తెల్లటి బిరడాలు బిగించిన చిన్న పీపా ఆకారం. దాన్ని ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. కొంకిపురుగు గుడ్డు వీటికి పూర్తిగా వేరు. పలుచటి, రంగులేని పెంకు. లోపల నాలుగో ఎనిమిదో కణాలు.

ఈ పలుచటి పెంకే గడియారాన్ని రంగంలోకి తెస్తుంది. గ్లిజరిన్ మలాన్ని తేటపరిచినట్టే కాసేపటికి కొంకిపురుగు గుడ్డునూ తేటపరిచి మాయం చేస్తుంది. అరగంట నుంచి గంట లోపల చదివితేనే అది దొరుకుతుంది. ఏలికపాము, కొరడా పురుగు గుడ్లు మాత్రం గంటలు గడిచినా చెక్కుచెదరవు, ఇంకా స్పష్టమవుతాయి. కాబట్టి తెలిసిన బృందం ప్రతి స్లైడునూ రెండుసార్లు చదువుతుంది. ముందు కొంకిపురుగు కోసం త్వరగా, తర్వాత మిగతా రెండింటి కోసం నిదానంగా. కొంకిపురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో స్లైడ్లన్నీ పొద్దున చేసి మధ్యాహ్నం భోంచేసి వచ్చి చదివిన బృందం, ఆ ఊళ్ళో కొంకిపురుగే లేదని నిజాయితీగానే రాసుకుని వెళ్ళవచ్చు. అంకె తప్పు, చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. అందుకే మంచి సర్వేల్లో స్లైడు మీద పేరు సంఖ్యతో పాటు చేసిన గంట, చదివిన గంట రాస్తారు. సుమారు పదో వంతు స్లైడ్లను అనుభవజ్ఞుడైన మరో టెక్నీషియన్ మళ్ళీ లెక్కపెడతాడు.

అంకెల కొలబద్దలను స్లైడు మీదికి తెచ్చి చూస్తే ఈ పనిముట్టు తూకం ఎలా పడిందో తెలుస్తుంది. ఏలికపాము సోకు మధ్యస్థమనడానికి గ్రాముకు 5,000 గుడ్లు కావాలి. అంటే స్లైడు మీద 209. తీవ్రమనడానికి రెండు వేలకు పైగా. కొంకిపురుగు సోకు తీవ్రమనడానికి 167. సన్నగా పరిచిన ఈ పూతలో అంతలేసి గుడ్లు ఉంటే కొత్త కన్ను కూడా పట్టుకుంటుంది. హాని చేసేంత పురుగులున్న మనిషి ఈ రంధ్రం నుంచి తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. ఎవరిని ముందు కాపాడాలో వాళ్ళే ముందు కనబడేలా కొలత కుదిరింది.

అంకెలు కదిలిన దేశం

ఈ పనిముట్టుతో ఒక దేశం ఏం చేయగలదో కొరియా చూపించింది. జెయొంజు పాప మరణం ఆ సమాజాన్ని కుదిపేసింది. 1964లో పరాన్నజీవుల నిర్మూలనకు సంఘం ఏర్పడింది, 1966లో చట్టం వచ్చింది. 1969 నుంచి 1995 దాకా ఏటా రెండుసార్లు బడిపిల్లల మలాన్ని సెల్లోఫేన్ పూతతో పరీక్షించి, సోకినవాళ్ళకు మందిచ్చారు. దేశమంతా నమూనా సర్వే 1971లో మొదలైంది. అప్పుడు పరీక్షించినవారిలో 84.3 శాతం మందిలో ఏదో ఒక పురుగు గుడ్లు కనబడ్డాయి. ఏలికపాములు 54.9 శాతం మందిలో ఉన్నాయి. 1981కి ఏదో ఒకటి ఉన్నవారు 41.1 శాతానికి, 1986కి 12.9 శాతానికి, 1992కి 3.8 శాతానికి తగ్గారు. 1997లో ఏలికపాములు 0.06 శాతం. ఇందులో మరుగుదొడ్ల, ఎరువుల, ఆదాయాల పాత్ర కూడా పెద్దదే. అయితే ఆ పాతికేళ్ళూ ఒకే రకం పూతతో లెక్కపెట్టడం వల్లనే ఒక సర్వేను ఇంకో సర్వే పక్కన పెట్టి చూడటం సాధ్యమైంది. కొలత మారకుండా ఉండటం కూడా ఒక పనితనమే.

2010 నాటి పరిస్థితిని దేశాల సర్వేలన్నీ కలిపి అంచనా వేసినప్పుడు ఏలికపాములు 81.9 కోట్ల మందిలో, కొరడా పురుగులు 46.5 కోట్ల మందిలో, కొంకిపురుగులు 43.9 కోట్ల మందిలో ఉన్నాయని తేలింది. మూడూ కూడితే 170 కోట్లు దాటుతుంది. కానీ సోకిన మనుషులు 145 కోట్లే. ఒకే పొట్టలో రెండు మూడు రకాలు ఉండేవాళ్ళు అంతమంది ఉన్నారన్నమాట. ఆ సంగతి తెలిసింది కూడా ఒకే స్లైడు మూడు రకాల గుడ్లనూ చూపిస్తుంది కాబట్టే.

గుడ్లకూ పురుగులకూ లంకె

గుడ్ల లెక్క పురుగుల లెక్కకు ఎంత దగ్గర? దీనికి జవాబు మన పొరుగునే వెతికారు. 1980ల్లో పులికాట్ సరస్సు ప్రాంతంలోని జాలరి పల్లెలో ఎల్కిన్స్, హాస్వెల్-ఎల్కిన్స్, ఆండర్సన్ పరిశోధన చేశారు. జనానికి పైరాంటెల్ మందు ఇచ్చి, తర్వాత పడిపోయిన పురుగులను సేకరించి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ మందిచ్చి మళ్ళీ లెక్కపెట్టారు. అందరిలో సమానంగా ఉండవు, కొద్దిమంది పొట్టల్లోనే పురుగుల్లో ఎక్కువ భాగం ఉంటుందనీ, మొదటిసారి ఎక్కువగా ఉన్నవాళ్ళకే మందు తర్వాత మళ్ళీ ఎక్కువ చేరే ధోరణి ఉందనీ ఇలాంటి పనుల్లోనే తేటపడింది. పొట్టలో పురుగులు కిక్కిరిసిన కొద్దీ ఒక్కో ఆడపురుగు పెట్టే గుడ్లు తగ్గుతాయని ఇతర చోట్ల చేసిన అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి గుడ్లు రెట్టింపైతే పురుగులు రెట్టింపయ్యాయని అనుకోకూడదు. గుడ్ల అంకె మనుషులను వరసలో నిలబెడుతుంది, ఎవరు ముందో ఎవరు వెనకో చెబుతుంది. వారి మధ్య దూరం ఎంతో సరిగ్గా చెప్పదు. పురుగులను సేకరించి లెక్కపెట్టడం అన్ని ఊళ్ళలో కుదిరే పని కాదు. కుదిరే పనిలో ఉన్నంతలో నమ్మకమైనది ఈ స్లైడు.

మన రాష్ట్రాలకు దీని అవసరం మందు దగ్గర వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో బడిపిల్లలకు మందిచ్చే కార్యక్రమం మొదలైంది. 2015 ఫిబ్రవరి నుంచి కేంద్రం జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుపుతోంది. అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. రెండేళ్ళ లోపు వారికి సగం మాత్ర, మిగతావారికి 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర. ప్రతి పిల్లవాడి మలం పరీక్షించి మందివ్వడం కన్నా అందరికీ ఇవ్వడం చౌక, ఆ మందు భద్రమైనది కూడా. మరి స్లైడు ఎందుకు? ఏడాదికి ఎన్నిసార్లు ఇవ్వాలో తేల్చడానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక ప్రాంతంలో సోకు 20 శాతం దాటితే ఏడాదికి ఒకసారి, 50 శాతం దాటితే రెండుసార్లు. ఏళ్ళ తరబడి మందిచ్చాక ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ ఆపవచ్చో చెప్పాల్సింది కూడా సర్వేలే. బడిలో టీచరమ్మ చేతి మాత్రకు వెనక ఎక్కడో ఎవరో గరిటపుల్లతో గీరిన మలం ఉంది.

చూపు ఆగే చోటు

ఎంత మెచ్చుకున్నా ఈ పనిముట్టు చేయలేనిది చాలా ఉంది. నీళ్ళ విరేచనంతో కొలత నిలవదు. ఫార్మలిన్‌లో నిలవచేసిన మలానికీ పనికిరాదు. రెండు రకాల కొంకిపురుగుల గుడ్లను విడదీసి చెప్పలేదు. గుడ్లకు బదులు పిల్లపురుగులు బయటికొచ్చే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు దీనికి చిక్కదు. పిల్లలకు రాత్రిళ్ళు దురద పుట్టించే దారప్పురుగు గుడ్లు పెట్టేది మలద్వారం చుట్టూ చర్మం మీద కాబట్టి మలంలో వెతికి లాభం లేదు. పొట్టలో మగ పురుగులే ఉంటే స్లైడు ఖాళీ.

అన్నిటికన్నా ముఖ్యమైన పరిమితి తేలికపాటి సోకు. చిన్న లెక్క వేసి చూద్దాం. రోజుకు 200 గ్రాముల మలం అనుకుంటే, 2 లక్షల గుడ్లు పెట్టే ఒక్క ఆడ ఏలికపాము ఉన్నా గ్రాముకు 1,000 గుడ్లు, స్లైడుకు నలభై పైన. ఒక్క పురుగు కూడా దాదాపు దాగదు. కొంకిపురుగు ఆడది రోజుకు ఎనిమిది వేలు పెడుతుందనుకుంటే గ్రాముకు 40, స్లైడుకు ఒకటో రెండో. గుడ్లు మలంలో బాగా కలిసిపోయి ఉన్నాయనుకున్నా అలాంటివాళ్ళు అయిదుగురిలో ఒకరి స్లైడు ఖాళీగా రావచ్చు. నిజంలో గుడ్లు అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి, రోజుకో రకంగా వస్తాయి. మన పల్లెల్లో తిండిలో పీచు ఎక్కువ కాబట్టి మలం 200 గ్రాములు దాటుతుంది, గుడ్లు ఇంకా పలచబడతాయి. అందుకే ఒకే నమూనా నుంచి రెండు స్లైడ్లు, వీలైతే వేర్వేరు రోజుల నమూనాలు చూడాలంటారు.

ఇక్కడో విచిత్రం ఉంది. పురుగులు ఎక్కువగా ఉన్నప్పుడు బాగా చూసే ఈ కన్ను, మందులు పనిచేసి పురుగులు తగ్గేకొద్దీ మసకబారుతుంది. కార్యక్రమం ఎంత గెలిస్తే కొలత అంత ఓడుతుంది. ఒక జిల్లాలో స్లైడ్లు 18 శాతం చూపిస్తే నిజంగా 18 అని మందు తగ్గించేయాలా, 20 దాటి ఉండవచ్చని కొనసాగించాలా? సోకినా సోకకపోయినా సమూహంలో అందరికీ మందిచ్చి వ్యాప్తినే ఆపవచ్చా అని తేల్చేందుకు భారత్, బెనిన్, మలావీల్లో చేపట్టిన డీవర్మ్3 పరిశోధన, ఇక్కడ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆధ్వర్యంలో జరిగింది. అందులో మలంలోని పురుగు డీఎన్ఏను పట్టే పీసీఆర్‌నూ వాడారు. దానికి శీతల నిల్వ, యంత్రాలు, రసాయనాలు, శిక్షణ అన్నీ కావాలి. పొట్టలో మిగిలిన చివరి ఒకటి రెండు పురుగుల ఆనవాలును అది పట్టగలదు. గ్రాముకు నలభై వేల గుడ్లున్న పిల్లవాణ్ణి గుర్తించడానికి మాత్రం ఆ ఖర్చు అనవసరం.

కాబట్టి రెండింటి మధ్య పోటీ పెట్టడం సరికాదు. ఎక్కడ సోకు ఎక్కువో, ఎవరికి ప్రమాదమో తేల్చే పనికి ప్లాస్టిక్ ముక్క చాలు. ఇక లేదని ప్రకటించే ముందు పీసీఆర్ కావాలి. ఏ పనిముట్టైనా తాను చూసినదాన్ని సరిగ్గా చెప్పడంతో పాటు ఎక్కడి నుంచి చూడలేదో కూడా చెప్పగలిగితే దాన్ని నమ్మవచ్చు. ఈ రంధ్రానికి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. స్లైడు మొత్తంలో ఒక్కటే గుడ్డు కనబడితే అంకె 24. సున్నా తప్ప అంతకన్నా తక్కువ సంఖ్య ఒక్క స్లైడుతో రాయడానికే వీల్లేదు. రిపోర్టులో సున్నా కనబడినప్పుడు దాన్ని 'లేదు' అని చదవకుండా 'ఇంతకన్నా తక్కువ' అని చదవడం అధికారులు నేర్చుకోవాలి. ఇక మీదట ప్రతి సర్వే నివేదికలో శాతం పక్కనే స్లైడ్లు ఎన్ని, ఎన్ని రోజుల నమూనాలు, ఎంతసేపట్లో చదివారు అన్న మూడు వివరాలు అచ్చువేస్తే, ఒక జిల్లాకు మాత్రలు ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఊహ మీద కాకుండా ఆధారం మీద నిలబడుతుంది.